చెక్క ఆర్‌సీ విమానానికి తిన్నని ఫ్యూజలాజ్ కట్టే విధానం

చెక్కతో కట్టే రేడియో కంట్రోల్ విమానంలో రెక్క ఎంత చక్కగా కుదిరినా, దాన్ని మోసే ఫ్యూజలాజ్, అంటే విమానపు మొండెం, ఒక పక్కకు వంగినా మెలి తిరిగినా ఆ విమానం చేతికి లొంగదు. ట్రిమ్ (కంట్రోళ్ళ నడిమి స్థానం) సరిచేసి ఒక వేగం దగ్గర నిలకడగా ఎగిరేలా చేసుకున్నా, వేగం మారగానే మళ్ళీ పక్కకు లాగుతుంది. అందుకే మొదటి పలకను ఎంచుకునే దశ నుంచే రెండు విషయాలను మనసులో ఉంచుకోండి. కుడి ఎడమ పక్కలు బరువులోనూ గట్టిదనంలోనూ సమానంగా ఉండాలి. తోక వీలైనంత తేలికగా ఉండాలి. తక్కిన పనులన్నీ ఈ రెండింటి కోసమే.

ఇక్కడ చెప్పే కొలతలు 1200 మి.మీ. పొడవు, 200 మి.మీ. వెడల్పు ఉన్న రెక్కతో, ఎలక్ట్రిక్ మోటారుతో నడిచే హై వింగ్ ట్రైనర్‌కు (రెక్క పైన ఉండే, నేర్చుకునేవారి విమానానికి) సంబంధించినవి. దాని ఫ్యూజలాజ్ పొడవు 880 మి.మీ., లోపలి వెడల్పు 65 మి.మీ., రెక్క కింద ఎత్తు 90 మి.మీ., తోక దగ్గర ఎత్తు 35 మి.మీ. బాల్సా అనే తేలికపాటి కర్ర పలకలు సాధారణంగా 915 మి.మీ. పొడవుతో వస్తాయి కాబట్టి ఈ పొడవులో అతుకు అవసరం ఉండదు. మొదటిసారి కట్టేవారు ఫ్యూజలాజ్ పైగీత తిన్నగా ఉండే ప్లానునే ఎంచుకోవాలని నా గట్టి సలహా. పైగీత తిన్నగా ఉంటే మొత్తం నిర్మాణాన్ని బోర్లించి బల్ల మీదే కట్టవచ్చు, రెక్క కూర్చునే చోటు దానంతటదే సమతలంగా వస్తుంది.

కర్ర ఎంపిక

మన ప్రాంతంలో బరువుంటేనే మంచి కర్ర అని చూడటం అలవాటు. శేషాచలం అడవుల ఎర్రచందనం నీటిలో మునిగేంత బరువైనది, దాని విలువ కూడా ఆ చేవలోనే ఉంది. బాల్సాను చూడవలసిన పద్ధతి దీనికి పూర్తిగా వేరు. ఎక్కువగా ఈక్వడార్‌లో పండించే ఈ కర్రలో మోడల్ విమానాలకు వాడే రకం ఘనపు మీటరుకు సుమారు 100 నుంచి 200 కిలోల బరువు ఉంటుంది. ఒకే దుకాణంలో పక్కపక్కన పేర్చిన రెండు పలకల మధ్య కూడా బరువులో రెట్టింపు తేడా ఉండవచ్చు. ప్లైవుడ్, ఫెవికాల్, అరల్డైట్ (రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ జిగురు) తిరుపతిలో ఏ హార్డ్‌వేర్ దుకాణంలోనైనా దొరుకుతాయి. బాల్సాను మాత్రం చెన్నై లేదా బెంగళూరులోని హాబీ దుకాణాల నుంచి తెచ్చుకోవడమో, తెప్పించుకోవడమో చేయాలి. వీలైతే స్వయంగా వెళ్ళి, చిన్న డిజిటల్ తూకాన్ని వెంట తీసుకెళ్ళి పలకలను ఎంచుకోండి.

పక్కల కోసం 3 మి.మీ. మందం, 100 మి.మీ. వెడల్పు ఉన్న పలకలు కావాలి. ఈ కొలత పలక ఒక్కొక్కటి 30 నుంచి 40 గ్రాముల మధ్య తూగితే సరిపోతుంది. 27 గ్రాముల కంటే తక్కువ తూగే పలక తోక భాగాలకు మంచిదే కాని, పక్కలకు వాడితే చేతి పట్టుకే నలుగుతుంది. ఒకే బరువున్న రెండు పలకలు దొరికాక, అవి ఒకే విధంగా వంగుతాయో లేదో కూడా చూడాలి. ఒక్కొక్క పలకను బల్ల అంచుకు బిగించి, 600 మి.మీ. బయటకు వదిలి, కొసన ఒకే చిన్న బరువు వేలాడదీసి, కొస ఎంత దిగిందో స్కేలుతో కొలవండి. రెంటి మధ్య తేడా ఎక్కువగా ఉంటే ఆ జతను వదిలి మరొక జత చూడండి. గట్టి పలక తక్కువగా, మెత్తని పలక ఎక్కువగా వంగడం వల్లనే ఫ్యూజలాజ్ తోక ఒక పక్కకు తిరుగుతుంది. తరువాత ఎంత ఉప్పు కాగితం రుద్దినా ఆ లోపం పోదు. పలకను మధ్యలో వేలి మీద నిలబెడితే ఏ కొస బరువో తెలుస్తుంది, ఆ కొసను ముక్కు వైపు పెట్టుకోండి.

ప్లైవుడ్ విషయంలో హాబీ దుకాణాల్లో దొరికే 1 మి.మీ., 3 మి.మీ. బర్చ్ ప్లై మేలు. స్థానికంగా దొరికే సాధారణ ప్లైవుడ్ లోపలి పొరల్లో ఖాళీలు ఉంటాయి, బరువు కూడా ఎక్కువ. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి మనకు తెలిసిన తేలికైన కర్రే అయినా, ఒకే మందం గల పలచని పలకలుగా దొరకదు కాబట్టి దాన్ని పక్కలకు వాడే ఆలోచన వద్దు.

తెచ్చిన కర్రను వెంటనే కోయకండి. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలతో గాలిలో తేమ బాగా పెరుగుతుంది, మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. తేమకు బాల్సా నారకు అడ్డంగా ఉబ్బుతుంది. పలకలను పని చేసే గదిలోనే కొన్నాళ్ళు సమతలంగా, పైన బరువుంచి పరచిపెట్టండి. గోడకు ఏటవాలుగా ఆనించిన పలక తప్పకుండా వంగుతుంది.

పక్కలను కోయడం

ప్లాను కాగితాన్ని తిన్నని బల్ల మీద పరచి, జిగురు అంటుకోకుండా దానిపై పలచని పాలిథీన్ షీటు బిగించండి. బల్ల సమతలంగా ఉందో లేదో పొడవైన అల్యూమినియం పట్టీని నిలువుగా, అడ్డంగా, ఐమూలగా పెట్టి చూసుకోండి. ఎక్కడైనా పట్టీ కింద వెలుతురు కనిపిస్తే ముందు బల్లను సరిచేయాలి, ఎందుకంటే బల్లలోని వంపు అంతా ఫ్యూజలాజ్‌లోకి వస్తుంది.

రెండు పలకలను ఒకదానిపై ఒకటి పెట్టి మాస్కింగ్ టేపుతో కలిపి, ఆకారాన్ని గీసి, కొత్త బ్లేడుతో రెండు మూడు తేలిక గాట్లుగా కోయండి. ఒకే గాటుతో తెగాలని అదిమితే బ్లేడు నార వెంట పక్కదారి పడుతుంది. కోసిన తరువాత రెంటినీ విడదీయకుండానే అంచులను చెక్క దిమ్మెకు అంటించిన ఉప్పు కాగితంతో రుద్ది సమం చేయండి. రెక్కను పట్టే డోవెల్ పుల్లల రంధ్రాలను కూడా అలా జతగా ఉన్నప్పుడే వేయాలి. ఆ తరువాత విడదీసి, ఫార్మర్లు (రెండు పక్కల మధ్య నిలిచే అడ్డు పలకలు) వచ్చే ప్రతి చోట మూలమట్టంతో రెండు పక్కల లోపలి ముఖాల మీద గీతలు గీయండి. ఈ గీతలు రెంటి మీదా ఒకే చోట ఉండటం పెన్సిలు మొన మందమంత కచ్చితంగా జరగాలి.

ముక్కు నుంచి రెక్క వెనుక అంచు దాటిన కాస్త దూరం వరకు ప్రతి పక్కకు లోపల 1 మి.మీ. ప్లై డబ్లర్ (బలం కోసం వేసే రెండో పొర) అంటించాలి. ఒకటి కుడి పక్కకు, మరొకటి ఎడమ పక్కకు అనేది అంటించే ముందు రెండు పలకలను పుస్తకంలా తెరిచి చూసుకోండి. రెండూ ఒకే పక్కకు సరిపోయేలా తయారవడం ఈ పనిలో చాలా తరచుగా జరిగే పొరపాటు. డబ్లర్ వెనుక అంచును నిలువుగా కోయకుండా ఏటవాలుగా గాని, వంపుగా గాని ముగించండి. నిలువుగా ముగిస్తే గట్టి భాగం, మెత్తని భాగం కలిసే ఆ ఒక్క గీత దగ్గరే దెబ్బ అంతా పడి, గట్టిగా దిగిన రోజున ఫ్యూజలాజ్ అక్కడే విరుగుతుంది. ఇంత విస్తీర్ణానికి ఫెవికాల్ వాడవద్దు, అందులోని నీటికి బాల్సా వంగిపోతుంది. నిదానంగా గట్టిపడే ఎపాక్సీని పాత ప్లాస్టిక్ కార్డుతో పలచగా లాగి, రెండు పక్కలను పాలిథీన్ మధ్య ఉంచి, పైన బరువులు పెట్టి రాత్రంతా వదిలేయండి. పై అంచు, కింది అంచు వెంట 6 మి.మీ. చదరపు బాల్సా పుల్లలను లోపలి వైపు అంటిస్తే తరువాత అంచులను గుండ్రంగా రుద్దడానికి మందం దొరుకుతుంది. ఫార్మర్లు వచ్చే చోట వాటికి ఖాళీ వదలండి.

ఫార్మర్లు, పెట్టె నిలబెట్టడం

రెక్క ముందు అంచు కింద ఒకటి, వెనుక అంచు కింద ఒకటి, ఈ రెండు ఫార్మర్లే ఫ్యూజలాజ్‌కు ఆధారం. వీటిని 3 మి.మీ. ప్లైతో, ఒకదానిపై ఒకటి పెట్టి ఒకేసారి రుద్ది, కచ్చితంగా ఒకే వెడల్పులో తయారు చేయండి. మధ్యలో తీగలకు, బ్యాటరీకి దారి ఉండేలా ఖాళీ కోయండి. ఐమూల కొలతలు రెండూ సమానంగా వస్తేనే ఫార్మర్ మూలలు సరిగ్గా ఉన్నట్టు. వెనుక భాగంలో వచ్చే రెండు మూడు ఫార్మర్లకు 3 మి.మీ. బాల్సా చాలు.

ఇప్పుడు పక్కలను బోర్లించి, రెక్క కూర్చునే అంచు బల్లకు ఆనేలా ప్లాను మీద నిలబెట్టి, మధ్యలో ఈ రెండు ఫార్మర్లను అంటించండి. ఇక్కడ నిదానంగా ఆరే ఫెవికాల్ గాని ఎపాక్సీ గాని మంచిది, కదిపి సరిచేసుకునే వ్యవధి ఉంటుంది. ఫెవిక్విక్ వంటి సయనోఎక్రిలేట్ జిగురు గాలిలోని తేమతో గట్టిపడుతుంది కాబట్టి మన వానాకాలంలో మరీ త్వరగా పట్టేస్తుంది. నాలుగు మూలల్లోనూ మూలమట్టం ఆనించి, రబ్బరు బ్యాండ్లతో బిగించి, పూర్తిగా ఆరేదాకా ముట్టుకోకండి. ఈ దశలో వచ్చే తొందర వల్ల ఎన్నో మంచి ప్లానులు పాడయ్యాయి.

ఆరాక తోకను కలపాలి. ప్లానులోని మధ్యగీత మీద ముక్కు నుంచి తోక దాకా ఒక దారాన్ని బిగువుగా కట్టండి. రెండు పక్కల కొసలు లోపల ఏటవాలుగా రుద్దితే తోక దగ్గర అవి చక్కగా ఒకదానికొకటి ఆనుతాయి. వంపు మొదలయ్యే చోట పలక బయటి ముఖాన్ని గోరువెచ్చని నీటితో తడిపితే పలక మెత్తబడి లోపలికి సులువుగా వంగుతుంది. రెండు పక్కలనూ ఒకే మేర తడపండి. కొసలను బట్టల క్లిప్పుతో పట్టి ఉంచి, జిగురు పెట్టకముందే ప్రతి ఫార్మర్ గీత దగ్గర ఎడమ పక్కకు, కుడి పక్కకు దారం నుంచి ఉన్న దూరం కొలవండి. తేడా 1 మి.మీ. దాటితే అంగీకరించకండి. తరువాత సాగని దారం ఒకటి తీసుకుని, తోక కొస నుంచి ముందు ఫార్మర్ ఎడమ మూలకు, అక్కడి నుంచి తీసి కుడి మూలకు పట్టి చూడండి. రెండు దూరాలూ సమానమైతే తోక నడిమధ్యన ఉన్నట్టే. అప్పుడు తోక కొసను అంటించి, వెనుక ఫార్మర్లను లోపలికి జార్చి, ఉన్న వెడల్పుకే సరిపడేలా అవసరమైతే ఫార్మర్‌నే రుద్దండి, పక్కలను బలవంతంగా ఎడం చేయకండి.

ముక్కు, ఫైర్‌వాల్

మోటారు బిగించే ఫైర్‌వాల్‌ను రెండు 3 మి.మీ. ప్లై ముక్కలను పైపొరల నార అడ్డంగా వచ్చేలా ఎపాక్సీతో కలిపి తయారు చేయండి. మోటారు షాఫ్టు వెనుక నుంచి చూసినప్పుడు కుడికి 2 డిగ్రీలు, కిందికి 2 డిగ్రీలు తిరిగి ఉండాలి. ఆ లెక్కన 65 మి.మీ. వెడల్పు ఫైర్‌వాల్‌లో ఎడమ అంచు కుడి అంచు కంటే సుమారు 2.3 మి.మీ. ముందుకు, 70 మి.మీ. ఎత్తులో పై అంచు కింది అంచు కంటే సుమారు 2.4 మి.మీ. ముందుకు వస్తుంది. ఫ్యూజలాజ్ బోర్లించి ఉన్నప్పుడు కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తాయి కాబట్టి, మొదటి రోజే పక్కల మీద కుడి, ఎడమ, పైన, కింద అని పెన్సిలుతో రాసుకోండి. షాఫ్టు కుడికి తిరగడం వల్ల ప్రొపెల్లర్ మధ్యగీతను దాటకుండా, మోటారు కేంద్రాన్ని ఫైర్‌వాల్ మీద సుమారు 2 మి.మీ. ఎడమకు జరపాలి.

బోల్టులు పట్టే బ్లైండ్ నట్లను ఫైర్‌వాల్ అంటించకముందే వెనుక బిగించి, మరల్లోకి ఎపాక్సీ పోకుండా కాస్త గ్రీజు రాయండి. అంటించిన తరువాత వెనుక మూలల్లో త్రిభుజాకారపు బాల్సా పుల్లలు ఎపాక్సీతో పెట్టి, పక్కల నుంచి ఫైర్‌వాల్ మందంలోకి సన్నని రంధ్రాలు వేసి వెదురు పుల్లలు దిగేయండి. జిగురు ఎంత మంచిదైనా మోటారు లాగుడుకు, అదురుకు ఈ పుల్లలే భరోసా.

బ్యాటరీ పళ్ళెం ఫైర్‌వాల్ వెనుక మొదలై రెక్క కింది దాకా పోవాలి. మూడు సెల్లుల 2200 ఎంఏహెచ్ బ్యాటరీ సుమారు 180 గ్రాములు తూగుతుంది; దాన్ని 30 మి.మీ. ముందుకు, అంతే వెనక్కు జరపగలిగితే బరువు కేంద్రాన్ని సీసం లేకుండానే సరిచేయవచ్చు. గాలి లోపలికి వచ్చే రంధ్రం 20 మి.మీ. వ్యాసం ఉంటే, బయటకు పోయే దారి వైశాల్యం దానికి కనీసం రెట్టింపు ఉంచండి. మన వేసవిలో ఇది మరీ ముఖ్యం. అదే కారణంగా సర్వోలనూ (కంట్రోళ్ళను కదిపే చిన్న మోటార్లు) పళ్ళేలనూ గ్లూ గన్‌తో అంటించకండి, ఎండలో నిలిపిన కారులో ఆ జిగురు మెత్తబడుతుంది.

చక్రాల పలక, సర్వోలు

రేణిగుంట విమానాశ్రయ పరిసరాలు, తిరుమల కొండ మన అభిరుచికి తగిన చోట్లు కావు. 2021 నాటి డ్రోన్ నియమాల ప్రకారం కేంద్ర ప్రభుత్వపు డిజిటల్ స్కై మ్యాపులో మీ చోటు ఏ జోన్‌లో ఉందో ముందుగా చూసుకోవాలి. తక్కిన చోట్ల మనకు ఎక్కువగా దొరికేవి వేసవిలో ఎండిన చెరువు నేలలు, కోత అయిన పొలాలు. పగుళ్ళు, గడ్డలు ఉన్న ఆ నేలకు ముందు చక్రం ఉన్న అమరిక కంటే తోక చక్రం ఉన్నదే నయం, చక్రాలు 70 మి.మీ. కంటే చిన్నవి కాకూడదు. చక్రాల తీగ పట్టే పలక రెక్క ముందు అంచుకు సూటిగా కింద వచ్చేలా, 3 మి.మీ. ప్లై రెండు పొరలుగా, ముందు ఫార్మర్‌కూ రెండు డబ్లర్లకూ ఎపాక్సీతో అతకండి. తీగను నైలాన్ బోల్టులతోనే బిగించండి. చక్రం గడ్డకు తగిలినప్పుడు బోల్టు తెగి ఫ్యూజలాజ్ నిలుస్తుంది.

తోకలో ఉండి విమానాన్ని పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్‌కు, పక్కలకు తిప్పే రడ్డర్‌కు 9 గ్రాముల సర్వోలు రెండు చాలు. వాటి పళ్ళేన్ని వెనుక ఫార్మర్ ముందు అమర్చి, పుష్‌రాడ్ల (సర్వో కదలికను తోకకు చేర్చే కడ్డీల) ప్లాస్టిక్ గొట్టాలను వెనుకకు నడిపి, సుమారు ప్రతి 150 మి.మీ.కి ఒక ఆధారం ఇవ్వండి. ఆధారం లేని గొట్టం ఒత్తిడికి విల్లులా వంగితే మీరు స్టిక్ కదిపినా ఎలివేటర్ పూర్తిగా కదలదు. పైకప్పు మూయకముందే సర్వోలు పెట్టి, రెండు వైపులా కదిపి చూడటం తప్పనిసరి.

మూయడం

ఈ దశకు ఎక్కువ సమయం కేటాయించండి. తెరిచి ఉన్న ఫ్యూజలాజ్‌ను చేత్తో మెలిపెడితే మెలి తిరుగుతుంది. కింద, పైన కప్పులు అంటించాక అది మూసిన పెట్టె, అప్పుడున్న మెలి శాశ్వతమవుతుంది. అందువల్ల కప్పు వేసేటప్పుడు ఫ్యూజలాజ్ బల్లకు బిగించే ఉండాలి. అంటించే ముందు సమానమైన రెండు తిన్నని పట్టీలను, ఒకటి రెక్క దగ్గర, మరొకటి తోక దగ్గర అడ్డంగా ఉంచి, వెనుక నుంచి కంటి మట్టంలో చూడండి. రెండు పట్టీల అంచులు ఒకే గీతగా కలిసిపోవాలి.

కింది కప్పుకు 2 మి.మీ. బాల్సాను నార ఫ్యూజలాజ్‌కు అడ్డంగా వచ్చేలా ముక్కలుగా కోసి వేయండి. నార పొడవునా పెడితే పని త్వరగా అవుతుంది గాని, నొక్కుడుకూ మెలికీ ఆగే గట్టిదనం అడ్డు నారతోనే వస్తుంది. ముందు నుంచి వెనుకకు ఒకేసారి పోకుండా, మధ్యలో కొన్ని, కొసల్లో కొన్ని అంటిస్తూ పోతే జిగురు ఆరేటప్పుడు వచ్చే లాగుడు ఒక పక్కకు చేరదు. ఆరాక బల్ల నుంచి తీసి, రెక్క వెనుక పైభాగాన్ని కూడా అదే పద్ధతిలో మూయండి. ముక్కు మీది కప్పును మాత్రం బ్యాటరీ మార్చడానికి వీలుగా తీసే మూతగా చేసి, ముందు ఒక నాలుక, వెనుక రెండు అయస్కాంతాలు పెట్టండి.

స్టెబిలైజర్ (తోక దగ్గరి అడ్డ రెక్క) కూర్చునే చోటు రెక్క కూర్చునే చోటికి సమాంతరంగా ఉండాలి. రెక్కను తాత్కాలికంగా బిగించి, స్టెబిలైజర్ రెండు కొసల నుంచి రెక్క కొసలకు దూరాలు కొలిచి, వెనుక నుంచి చూసి రెండూ ఒకే మట్టంలో ఉన్నాయో లేదో నిర్ధారించుకోండి. తేడా ఉంటే తోక దగ్గరి చోటును ఉప్పు కాగితంతో కొద్దికొద్దిగా రుద్దండి.

చివరగా 120 నంబరు కాగితంతో మొదలుపెట్టి 240, 400 నంబర్లతో నునుపు చేయండి, ముక్కుకు మాస్కు కట్టుకోండి. మూలలను గుండ్రం చేసేటప్పుడు ముక్కు కంటే తోకను ఎక్కువ పలచన చేయవచ్చు. తోక నుంచి బరువు కేంద్రానికి దూరం సుమారు 550 మి.మీ., ముక్కులో బరువు పెట్టగల చోటు దాదాపు 180 మి.మీ. దూరంలోనే ఉంటుంది, అంటే తోకలో పెరిగిన 10 గ్రాములకు ముక్కులో 30 గ్రాములు పెట్టవలసి వస్తుంది. వెనుక పూసిన అదనపు జిగురుకు కూడా ఇదే లెక్క.

సామగ్రి ఏమీ లేని ఫ్యూజలాజ్ 170 నుంచి 200 గ్రాముల మధ్య తూగితే పని బాగా కుదిరినట్టు. పైన ప్లాస్టిక్ ఫిల్మ్ కప్పకముందే మోటారు, సర్వోలు, బ్యాటరీ, రెక్క, తోక అన్నీ టేపుతో తాత్కాలికంగా అమర్చి, రెక్క ముందు అంచు నుంచి 50 నుంచి 60 మి.మీ. వెనుక రెండు వేళ్ళ మీద నిలబెట్టండి. బ్యాటరీని జరిపినా ముక్కు పైకి లేస్తూనే ఉంటే, తోకను ఇంకా రుద్ది తేలిక చేయడానికీ సర్వో పళ్ళేన్ని ముందుకు మార్చడానికీ ఇంకా వీలున్న చివరి దశ ఇదే.